కాళ్ళ సంచులతో గుట్టకు

యాదగిరిగుట్టకు నడిచి వెళ్ళి వచ్చామని తెలిసినప్పటి నుంచి ఇబ్రహీంపట్నంలో నన్ను ఆపి అడగని మనిషి లేడు. స్వామి దర్శనం బాగా అయిందా అని అడిగినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. మిగిలినవాళ్ళందరూ అడిగింది ఒకటే. "మీ అత్త కాళ్ళకు సంచులు తొడుక్కొని పోయిందట గద, నిజమేనా?"

నిజమే. దర్శనం సంగతి మన ఊరివాళ్ళకు అంతగా అక్కర్లేదు కాబట్టి ఆ సంచుల సంగతే రాస్తున్నాను. వెళ్ళనివాళ్ళు ఇది చదివి, వెళ్ళినంత పుణ్యం పొందాలని నా కోరిక. కాకపోతే అరిగినవి మా కాళ్ళు కనుక పుణ్యంలో కొంత తరుగు పోతుంది. అందుకు నన్ను ఏమీ అనుకోవద్దు.

మొక్కు మా అత్తమ్మది. మా ఇంటాయన ఆమెకు ఒక్కగానొక్క కొడుకు. పాత సర్కారు రోజుల్లో ఆయనను పోలీసులు పట్టుకొనిపోయి జైల్లో వేశారు. చేసిన నేరం, ఆకలితో వచ్చిన సంఘం మనుషులకు జొన్నలు పెట్టడం. "నా నర్సి పానంతోని ఇల్లు జేరితే, కాలికి జోడు తొడగకుంట నీ గుట్టకు నడిచొస్త స్వామీ" అని అత్తమ్మ దేవుడి గూటి ముందు మొక్కుకుంది. తరువాత యూనియన్ ఫౌజు వచ్చింది, పాత సర్కారు పోయింది, జైలు తలుపులు తెరిచారు, ఆయన ఇల్లు చేరారు. కొత్త సర్కారుకు మేమెన్ని దండాలు పెట్టినా తక్కువే. ఏ పాపమూ ఎరగడని ఆయనను వదిలిపెట్టింది ఆ సర్కారే. మళ్ళీ కొన్ని నెలలకు అవే జొన్నల సంగతి అడగడానికి, రోజూ పొద్దున్నే ఫౌజు క్యాంపుకు వచ్చి హాజరు వేయించుకొమ్మన్నదీ ఆ సర్కారే. సంఘం వాళ్ళు కొందరు ఇంకా అడవిలోనే ఉన్నారు కదా, అందుకని. ఆ జొన్నలు తిన్నవాళ్ళకు ఏనాడో అరిగిపోయాయి, సర్కారుకు మాత్రం ఇంకా అరగలేదు.

అత్తమ్మ ఆలోచన వేరు. ఆమె దృష్టిలో హాజరుకు కారణం జొన్నలు కాదు, తీరని మొక్కు. "స్వామి వాన్ని నాకు సగమే ఇచ్చిండు. తక్కిన సగం క్యాంపుల పెట్టుకున్నడు. మొక్కు తీరుస్తెనే గద మొత్తం ఇచ్చేది" అనేది. క్యాంపు ముందు లారీ ఆగిన చప్పుడైతే చాలు, కొడుకును ఎక్కించుకొని పోతారేమోనని చేతిలో పని వదిలేసి వాకిట్లోకి వచ్చి నిలబడేది.

నడిచి వెళ్దామంటే కాలు అడ్డం వచ్చింది. వానకాలం నాట్లప్పుడు మడిలో నత్తగుల్ల గుచ్చుకొని ఆమె కుడి మడమ చీము పట్టింది. దవాఖానలో కోసి కట్టు కట్టారు. గాయం పైకి మానింది కాని లోపల పచ్చిగానే ఉంది. "చెప్పు లేకుండా గడప దాటితే ఈసారి మడమ కాదు, కాలే తియ్యాలి" అని డాక్టరు చెప్పాడు. దేవుడేమో చెప్పు వద్దంటాడు, డాక్టరేమో చెప్పు ఉండాల్సిందేనంటాడు. ఇద్దరూ పెద్దవాళ్ళే, ఇద్దరిలో ఎవరినీ కాదనలేము. ఏం చేయాలా అని మేము తలలు పట్టుకొని కూర్చున్న పూట నాదర్‌గుల్ నుంచి రంగయ్య మామ వచ్చాడు.

అంగడిలో

రంగయ్య మామ మా అత్తమ్మకు తమ్ముడు. ఒకప్పుడు పట్నంలో ఒక ఫౌజు దొర దగ్గర కొలువు చేశాడు. దొర షికారుకు అడవిలోకి వెళ్ళినప్పుడల్లా వెనుక సామాను మోశాడు. ఆ సామానులో ఏమేం ఉండేవో చెప్పమని ఆయనను అడగనక్కరలేదు. అడగకుండానే చెబుతాడు, వద్దన్నా చెబుతాడు.

"అక్కా, దేవునికి తోలు గద పడనిది? తోలు లేకుంట కాలిని కాపాడేది నాకెరుక. నా ఎంట అంగడికి రా" అన్నాడు.

శేరిగూడ నుంచి వచ్చే బీబమ్మ మా అంగడిలో పాత బట్టలు అమ్ముతుంది. ఫౌజు వచ్చాక ఆమె గోనెపట్టా మీద కొత్త కొత్త సరుకులు కనిపిస్తున్నాయి. గుండీలు లేని కోట్లు, మూతలు లేని నీళ్ళ సీసాలు, సొట్టలు పడ్డ గిన్నెలు. ఒక సర్కారు పోయి మరొకటి వచ్చినప్పుడు ప్రజలకు ఏదో ఒకటి దక్కుతుందని విన్నాను. మాకు దక్కినవి ఇవి.

"మోజాలు కావాల్నా అమ్మా?" అని అడిగింది బీబమ్మ.

"మోజా?" అత్తమ్మ సిగ్గుపడి కొంగు సర్దుకుంది. "ఈ వయసుల నాకేం మోజమ్మా. కాలికేమన్న కావాలె."

"గవే అమ్మా, కాలికే. గిట్ల దొడుగుతరు." బీబమ్మ ఒకటి తీసి తన చేతికి తొడిగి చూపించింది.

"ఓ, కాళ్ళ సంచులా!" అన్నది అత్తమ్మ. అప్పటి నుంచి మా ఇంట్లో వాటి పేరు అదే. "మరి వీట్ల ఎడమదేది, కుడిదేది?"

"ఎడమ కుడి ఉండదక్కా. ఏ కాలికన్న తొడుగు" అన్నాడు మామ.

"ఎడమ కుడి లేనిది చెప్పెట్లయితది? అయితే ఇది బట్టనే" అని ఆమె తీర్పు చెప్పేసింది. ఆ తీర్పుతో సగం పని అయిపోయిందని నేను సంతోషించాను. మిగిలిన సగం మామ చేతిలో ఉందని మరిచిపోయాను.

ఆయన ఆ కుప్ప ముందు గొంతుక్కూర్చొని ఒక్కొక్కటీ తీసి సాగదీశాడు, వెలుతురుకు పట్టి చూశాడు, లోపలికి చెయ్యి పోనిచ్చి వేళ్ళు ఆడించాడు. ఎద్దును కొనేటప్పుడు కూడా మా ఊళ్ళో ఇంత పరీక్ష ఉండదు. తెల్లటి నూలువి మెత్తగా ఉన్నాయని నేను తీసి ఇచ్చాను.

"నూలా! చెమటనంత తాగుతది, తాగి గట్లనే ఊకుంటది. తడిసిన నూలు కాలును రాకుతది బిడ్డా, కోసెడు దూరం పోకముందే పొక్కులు లేస్తయ్. ఉన్ని గట్ల గాదు. తడిసినా ఎచ్చగ ఉంటది, కాలును కొరకది." ఖాకీ రంగు ఉన్నివి ఒక జత పక్కన పెట్టాడు. "వదులైతే ముడతవడతది, ముడతవడ్డ కాడ పొక్కు. బిగువైతే నెత్తురాడది. మడమ దానికి మడమ కాన్నే కూసోవాలె. గీ వేళ్ళ కాడి కుట్టు సూడు. గిది లోపలికుంటే వేలు కోస్తది. తిరగేసి తొడగాలె."

"తిరగేస్తే జనం నవ్వరా మామా?" అన్నాను.

"జనం నీ మొకం జూస్తరు గని కాళ్ళు జూస్తరా? ఇగ అసలు ముచ్చట ఇను. ఒక్క జత సాలదు. లోపల సన్నది, మీద మందంది. రాపిడంత రెండిటి నడుమ పడతది, కాలు సల్లగుంటది. మా దొర గట్లనే తొడిగేటోడు."

సన్నవి వెదికితే అడుగున నల్లటి పట్టువి ఒక జత దొరికాయి. అవి ఎక్కడివని అడిగితే బీబమ్మ గొంతు తగ్గించి, "గడీల నుంచి" అన్నది. ఆ గడీ దొర కాళ్ళు కడిగిన నీళ్ళు దాటడానికి కూడా మనవాళ్ళు భయపడిన రోజులు నాకు గుర్తున్నాయి. ఆయన కాలి పట్టు ఇప్పుడు మా అత్తమ్మ మడమ కింద పడి గుట్టకు నడుస్తుందంటే, నర్సింహస్వామికి హాస్యం కూడా తెలుసని నాకు నమ్మకం కలిగింది.

మామ ఉన్నినీ పట్టునూ పొక్కులు రావని ఎంచాడు. అత్తమ్మ అవి రెండూ మడి బట్టలే కదా అని ఒప్పుకుంది. అక్కా తమ్ముళ్ళు ఒక్కమాట మీద నిలబడడం నేను చూసింది అప్పుడే. ధర దగ్గర పాత సర్కారు హాలీ రూపాయా, కొత్త రూపాయా అని బీబమ్మకూ మామకూ కాసేపు నడిచింది. చివరకు ఆమె ఒంటి ఉన్నిది ఒకటి ఊరికే అత్తమ్మ చేతిలో పెట్టింది. "దీనికి జత లేదమ్మా, ఎవరు గొంటరు. తీస్కపో. మీ స్వామికి నా సలాం జెప్పు."

రాచకొండ దారి

కార్తీకంలో బయలుదేరాము. మా ఇంటాయనకు హాజరు ఉంది కనుక రాలేదు. క్యాంపు వాళ్ళు ఆయనను అంత ప్రేమగా రోజూ చూడాలనుకుంటుంటే మేమెలా తీసుకొనిపోతాము? మామ ముందు, అత్తమ్మ నడుమ, నేను వెనుక. ఆమె చీర కుచ్చెళ్ళ కింద ఖాకీ సంచులు బయటికి కనిపిస్తుంటే ఊరు దాటేదాకా పిల్లలు, పెద్దలు తలుపుల దగ్గర నిలబడి చూశారు. జనం కాళ్ళు చూడరన్న మామ మాట అంతవరకే నిలిచింది.

బండ్ల బాట వదిలి అడవి అంచున అడ్డదారి పడదామన్నాడు మామ. షికారు రోజుల్లో ఆ దారంతా తనకు కొట్టిన పిండేనట. ఆయన చలువ వల్ల మేము పోవలసిన దానికంటే చాలా ఎక్కువ అడవి చూశాము. దారి పొడవునా సీతాఫలాలు. మా దగ్గర అంగడిలో కొనుక్కునే పండును ఇక్కడ కోతులు సగం కొరికి పారేస్తున్నాయి. మేము కోతులు వదిలినవి కాక మిగిలినవి ఏరుకొని, రాతి మీద కూర్చొని కడుపునిండా తిన్నాము. అడగకుండా పెట్టిన ఆ చెట్లకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఒక గొర్రెల మంద దగ్గర గొల్లామె మమ్మల్ని కూర్చోబెట్టి జొన్నగటకలో మజ్జిగ పోసి ఇచ్చింది. పెద్దచెరువు పక్కన పుట్టిన మాకు చేప లేని పూట తక్కువ. ఆమెకు చేప అంటే ఏమిటో చెప్పడానికే మామకు చాలాసేపు పట్టింది. మొక్కు రోజుల్లో మేము ముట్టము కాని, మామ వర్ణన వింటే నోట్లో నీళ్ళూరాయి. స్వామి క్షమించాలి. గొల్లామె అత్తమ్మ కాలి సంచిని వేళ్ళ మధ్య నలిపి చూసి పెదవి విరిచింది.

"గిది మన గొర్రెది గాదు పెద్దమ్మా. యే దేశం గొర్రెదో. మెత్తగున్నది గని సోయి లేదు దీనికి. సూడు, అడవినంత అంటించుకున్నది."

ఆమె మాట నిజం. ఉత్తరేణి గింజలు, పల్లేరుకాయలు, గడ్డి ముళ్ళు, పేరు తెలియని విత్తనాలు మరెన్నో ఆ ఉన్నికి పట్టుకొని ఉన్నాయి. ఎన్ని పీకినా ఇంకా మిగిలే ఉన్నాయి. కాని సంచి విప్పి చూస్తే అత్తమ్మ కాలు పొద్దున్న ఎలా ఉందో అలాగే ఉంది. మడమ పొడిగా ఉంది, ఒక్క పొక్కు లేదు. మామ ఆ కాలును తానే చేసి పెట్టినంత గర్వంగా నాకు చూపించాడు. నా చెప్పుల పట్టీ కింద మాత్రం రెండు పొక్కులు లేచాయి. అంగడిలో మామ పరీక్షకు లోలోపల నవ్వుకున్నందుకు దేవుడు వెంటనే ఇచ్చాడు, మరుసటి జన్మకు మిగల్చకుండా. ఆ మేలు కూడా తక్కువది కాదు.

చౌటుప్పల్‌కు ఇవతల

మళ్ళీ బండ్ల బాట ఎక్కిన చోట ఫౌజు జవాన్లు నిలబడి ఉన్నారు. అడవి వైపు నుంచి వచ్చే వాళ్ళందరినీ ఆపి చూస్తున్నారు. మూటలు విప్పించారు. అటుకులు, పసుపు, కుంకుమ, విభూతి. అందరూ తలలూపారు. అంతలో ఒక జవాను చూపు కిందికి దిగింది. తమ ఫౌజు ఉన్ని, దాని నిండా అడవి గింజలు, లోపల ఒక ముసలామె.

వాళ్ళు ఒకరినొకరు చూసుకొని, జీపులో కూర్చున్న ఒకాయనను పిలిచారు. కోస్తా వైపు మనిషి. వాళ్ళ మాట మాకూ మా మాట వాళ్ళకూ చెప్పడానికి పెట్టుకున్న దుబాసీ. కళ్ళకు అద్దాలు, చేతిలో గొడుగు. ఎంత మర్యాదస్థుడంటే, ఆయనను చూశాకే మేము ఎంత మొరటువాళ్ళమో నాకు తెలిసివచ్చింది.

"భయపడకండమ్మా. ఈ మేజోళ్ళు మీకు ఎక్కడివండీ?" అని అడిగాడు.

"ఏంటియి బిడ్డా?"

"మేజోళ్ళండీ. మీ కాళ్ళకు ఉన్నాయే, అవి."

"మా జోళ్ళా? అవ్, మాయే. పైసలిచ్చి కొన్నం."

"మా జోళ్ళు కాదండీ, మేజోళ్ళు."

అత్తమ్మ ముఖంలో ఏదో మారింది. "జోళ్ళు అంటున్నవా?"

"అవునండీ. మేజోళ్ళు. శుభ్రమైన తెలుగుమాటే."

ఆమె దారి పక్కన కూలబడింది. ఖాకీవి లాగేసింది, నల్లటివి లాగేసింది, వాటిని పాము కుబుసంలా దూరంగా విసిరింది. "సచ్చిపోతి! పేరులనే జోళ్ళున్నయి! కాలికి జోడు తొడగనని నోరార మొక్కి, జోళ్ళేసుకొని వస్తి!"

దొంగసొత్తు బయటపడ్డదని ఏడుస్తున్నదనుకున్నారు జవాన్లు. మామ నిటారుగా నిలబడి సలాం కొట్టి, ఫౌజు దొర దగ్గర తాను చేసిన కొలువు మొదటి నుంచి మొదలుపెట్టాడు. అది వాళ్ళ అనుమానాన్ని మరింత పెంచింది. నేను బీబమ్మ సంగతి, అంగడి సంగతి, మొక్కు సంగతి చెప్పాను. దుబాసీ నా మూడు మాటలను ముప్పై మాటలు చేసి వాళ్ళకు చెప్పాడు. చివరకు వాళ్ళలో పెద్దాయన వంగి, అత్తమ్మ మడమ మీది కోతను చూసి ఏదో అన్నాడు.

"ఈ కాలితో ఈవిడ ఏ దళంలోనూ నడవలేదని వారంటున్నారు. మీరు వెళ్ళవచ్చు. మేజోళ్ళు మాత్రం తప్పకుండా వేసుకోమంటున్నారు" అన్నాడు దుబాసీ.

అంత దయ చూపిన ఆ పెద్దాయనను నేను ఈనాటికీ మరువలేదు. అంత శుభ్రమైన తెలుగు మాట్లాడిన దుబాసీని కూడా.

ఎందుకంటే అత్తమ్మ లేచింది, కొంగు బిగించింది, గుట్ట వైపు కాకుండా ఇబ్రహీంపట్నం వైపు తిరిగింది.

"ఎటు అత్తమ్మా?"

"ఇంటికి. ఇంటి గడప కాడికెళ్ళి మళ్ల నడవాలె, ఒట్టి కాళ్ళతోని. ఇప్పటిదాంక నడిచింది నడక గాదు. లెక్కకు రాదు."

"గా కాలితోని గంత దూరం ఎనకకు వోయి, మళ్ల ముంగటికా? డాక్టరేమన్నడు?"

"డాక్టరు కాలు తీస్తడు. స్వామి కొడుకును తీస్తడు. ఏది సులువే పిల్లా?"

మా నాన్న ఇంట్లో కూర్చోబెట్టి నాకు అక్షరాలు నేర్పాడు, అర్థాలు నేర్పాడు. అవేవీ ఆ బాట మీద నాకు అక్కరకు రాలేదు. మామ వైపు చూశాను. ఆయన, అత్తమ్మ విసిరిన సంచులను ఏరుకొస్తున్నాడు.

"అత్తమ్మా, మొక్కింది స్వామికి గద. తప్పయిందో లేదో ఆయన్నే అడుగుదాం. ఇక్కడి నుంచి ఒట్టి కాళ్ళతోనే నడువు. తప్పంటే, ఇంటికి పోయి మొదటి నుంచి నీతోని నేను గూడ ఒట్టి కాళ్ళతోనే నడుస్త" అన్నాను.

"స్వామి ఎట్ల జెప్తడే?"

"ఎట్లన్న జెప్తడు" అన్నాను. స్వామి మీద నాకు నమ్మకం ఉంది కాని, ఇంత తొందరగా ఆయన మీద ఇంత పని పెట్టవలసి వస్తుందనుకోలేదు.

భువనగిరి మీదుగా

ఆ తరువాతి నడక గురించి రాయడానికి నాకు పెద్దగా ఏమీ లేదు. మడమ కోత మళ్ళీ తెరుచుకుంది. మామ ముందు నడుస్తూ దారిలో ముళ్ళు, గాజుపెంకులు, పదునైన రాళ్ళు వంగి వంగి పక్కకు తీశాడు. దొర గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆయన నోరు మూయించాలని ఎన్నోసార్లు మొక్కుకున్న నాకు, ఆ మొక్కు తీరిన తీరు నచ్చలేదు. బండివాళ్ళు ఆగి ఎక్కమంటే అత్తమ్మ చెయ్యి ఊపేసింది. నేను సంచులు దులిపి, గింజలు పీకి, నా మూటలో కట్టుకొని వెనుక నడిచాను.

భువనగిరి బండ దూరం నుంచి ఏనుగు వీపులా కనిపించింది. దాని కింద ఒక ఇంటామె అరుగు మీద చోటిచ్చి, వేపాకు పసుపు నూరి మడమకు కట్టింది. మాకు తినడానికి సర్వపిండి పెట్టింది. మేము ఇంట్లో చేసుకునేదానికంటే అందులో పల్లీలు ఎక్కువ, కారం ఇంకా ఎక్కువ. పచ్చిపులుసులో మాత్రం బెల్లం వేసింది. పచ్చిపులుసులో బెల్లం వేసేవాళ్ళు కూడా ఇంత మంచివాళ్ళయి ఉంటారని నేను ఆ ఇంట్లోనే నేర్చుకున్నాను.

"కొడుకు కోసమా పెద్దమ్మా?" అని అడిగింది ఆమె కట్టు కడుతూ.

"నీకెట్ల ఎరుకనే?"

"ఇసొంటి కాలుతోని కొడుకు కోసం గాకుంటే ఎవరు నడుస్తరు. మొగని కోసమైతే బండెక్కుదురు."

అత్తమ్మ నవ్వింది. ఆ రెండు రోజుల్లో ఆమె నవ్వింది అప్పుడే.

గుట్ట కింద

మెట్ల మొదట్లో కొబ్బరికాయలమ్మే ఆమె కేకవేసింది. "చెప్పులు నా తాన ఇడువుండ్రి, కాయ కొనుండ్రి!"

నా చెప్పులు, మామ చెప్పులు అక్కడ వదిలాము. అత్తమ్మ నా మూటలో నుంచి సంచులు తీయించి ఆమె ముందు పెట్టింది. "ఇవి గూడ పెట్టుకోమ్మా. జోళ్ళు."

కాయలామె వాటిని కొసతో పట్టుకొని ఎత్తి చూసింది. "ఇవి జోళ్ళా? నీకేమన్న సోయున్నదా అమ్మా. బట్టలివి. పోతే నా మీదికొస్తది. తీస్కపో నీ ఎంట."

"సూసినవా అత్తమ్మా! స్వామి గడప కాడి మనిషే బట్టలన్నది" అన్నాను. నా ఆశ అంతా ఆమె మాట మీదే పెట్టుకున్నాను.

"ఆమెకేం దెలుసు? పేరు ఎరుకలేదు ఆమెకు. మొన్న సదువుకున్నాయన జెప్పె గద" అన్నది అత్తమ్మ. సంచులు మళ్ళీ నా మూటలోకి వచ్చాయి. మెట్టు మెట్టుకూ ఆగుతూ, నా భుజం పట్టుకొని ఎక్కింది. కట్టు మీద ఎర్రగా తడి. నేను మెట్లు చూడకుండా పైకే చూస్తూ, ఇంటి నుంచి మళ్ళీ ఈ దారంతా నడవడం ఎలాగా అని ఆలోచిస్తున్నాను.

లోపల

గుహలో గాలి ఆడదు. కర్పూరం, నూనె, జనం. ముసలి పూజారి పళ్ళెం పట్టుకొని, "ఎవరి పేరు మీదమ్మా?" అని నన్ను అడిగాడు. పెనిమిటి పేరు నోట పలకని ఇంట పెరిగిన దాన్ని, అత్తమ్మ వైపు చూశాను. "నర్సిమ్మ. నా కొడుకు" అన్నది ఆమె. అసలు అడగవలసింది ఇంకా మిగిలే ఉంది. స్వామి ముందు నిలబడి, తాను జోళ్ళు తొడిగి వచ్చానని ఎలా చెబుతుంది?

పూజారి హారతి వెలిగించి, చటుక్కున ఆగాడు.

"ఉండమ్మా, ఉండు. ఈ పొగకు నా కళ్ళజోడు మసకబారింది."

పంచె అంచుతో అద్దాలు తుడుచుకుంటున్నాడు. మా వైపు అందరం కండ్లద్దాలే అంటాము. అత్తమ్మ కళ్ళజోడు అన్న మాట ఎన్నడూ విని ఉండదు.

"ఏంది మసకైంది అయ్యగారూ?"

"కళ్ళజోడమ్మా. ఇదిగో."

"జోడా?"

"జోడే."

"గది పెట్టుకొని స్వామి ముంగటికి పోతరా?"

పూజారి అద్దాలు ముక్కు మీద సర్దుకొని ఆమెను వింతగా చూశాడు. "పెట్టుకోకపోతే స్వామి ఎక్కడున్నాడో నాకెట్లా కనిపిస్తుందమ్మా? నలభై ఏళ్ళుగా ఆయనేమీ అనలేదు. నువ్వేమైనా అంటావా?"

అత్తమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు ఒకటి పగిలింది. "పిల్లా! స్వామి జెప్పిండే! జోడు లోపటిదాంక పోతున్నది! నా సంచులు తొవ్వల నడిస్తే తప్పా?" అని గుహ అదిరేటట్టు అరిచింది. వెనుక వరుసలో ఎవరో గోవిందా అన్నారు. వాళ్ళు విని ఏమనుకున్నారో తెలియదు, అందరూ గోవిందా అన్నారు. పూజారికి ఏమీ అర్థం కాలేదు. అయినా ఆమె కళ్ళనీళ్ళు చూసి మరొక ఉద్ధరిణె తీర్థం పోశాడు.

నేను రెండు మాటలూ నాన్న దగ్గర ఒకే ఇంట్లో నేర్చుకున్నదాన్ని. మేజోళ్ళ బాధ రెండు రోజులు మోస్తూ నడిచాను, కళ్ళజోడు మాత్రం గుర్తు రాలేదు. అడగకముందే గుర్తు చేసిన స్వామికి అక్కడే సాష్టాంగపడ్డాను.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చొని అత్తమ్మ కాలు చాపింది. మామ పట్టువి ముందు, ఉన్నివి మీద, కుట్టు పైకి వచ్చేలా తిరగేసి తొడిగాడు. ముడతలన్నీ వేళ్ళతో సాపు చేశాడు. "మా దొర..." అని మొదలుపెట్టాడు.

"జెప్పు తమ్మీ, మస్తు దినాలాయె ఇనక" అన్నది అత్తమ్మ.

మళ్ళీ ఇబ్రహీంపట్నం

మొక్కు పోవడానికే కాని రావడానికి కాదు కనుక తిరుగుదారిలో బండ్లు ఎక్కాము. డాక్టరు మడమ చూసి మా ముగ్గురినీ తిట్టవలసినంత తిట్టి, కాలు ఉంటుందని చెప్పాడు. ఆ ఒక్క మాట కోసం తిట్లన్నీ ప్రసాదంలా తీసుకున్నాము. జత లేని ఒంటి సంచిని ఉతికి, అందులో ఒక కొబ్బరిచిప్ప పెట్టి అంగడిలో బీబమ్మకు ఇచ్చాను. "సలాం జెప్పినవా?" అని అడిగింది. చెప్పానన్నాను. ఆ గోవిందల హోరులో నేను మనసులో చెప్పుకున్నవాటిలో అది కూడా ఉంది.

ఇదంతా తరువాతి సంగతి. మేము బండి దిగి ఇల్లు చేరేసరికి మా ఇంటాయన వాకిట్లోనే ఉన్నారు. పొద్దెక్కింది, అయినా క్యాంపుకు వెళ్ళలేదు. అత్తమ్మ కుంటుకుంటూ ఆయన దగ్గరికి వెళ్ళింది.

"హాజరుకు పోలేదేంరా?"

"రోజూ రావద్దన్నరవ్వా. అంగడి నాడొక్కటే వస్తె సాలన్నరు" అన్నారాయన. తరువాత ఆమె కాళ్ళ వైపు చూసి, "ఇవేందే?" అన్నారు.

"కాళ్ళ సంచులు. నువ్వు గూడ తొడుక్కొని పో. జోళ్ళు గావు, ఫికర్ లేదు" అన్నది ఆమె. ఫౌజు ఉన్ని తొడుక్కొని ఫౌజు క్యాంపుకు వెళ్ళేంత ధైర్యం ఆయనకు లేదు. అందుకని అవి దండెం మీద ఉన్నాయి. చూడదలచినవాళ్ళు వచ్చి చూడవచ్చు, ముట్టుకోవచ్చు. కుట్టు గురించి తెలుసుకోవాలంటే మాత్రం మామ ఉన్న పూట రావద్దు.

హాజరు తగ్గించినది తన దయ అని క్యాంపు దొర అనుకుంటున్నాడు. అక్క గుట్ట చేరడానికి తన ఉన్నియే కారణమని మామ అనుకుంటున్నాడు. సగం కొడుకును ఇచ్చిన స్వామి ఇప్పుడు ముప్పావు ఇచ్చాడని, మిగిలిన పావు కోసం తొందర లేదని అత్తమ్మ అంటోంది. నేను ఎవరినీ కాదనను. దీపం పెట్టేటప్పుడు మాత్రం, ఆ ముసలి పూజారికి చూపు ఆనకుండా చేసినందుకు స్వామికి రోజూ ఒక దండం ఎక్కువ పెట్టుకుంటున్నాను.